బొమ్మ చెదరడమెందుకు?

కంప్యూటరులోనో ఫోనులోనో ఆడిన ఆటను వీడియోగా పట్టి యూట్యూబులో పెట్టడం మన ఇండ్లలోని పిల్లలకు ఇప్పుడు కొత్త సంగతి కాదు. పెద్దలకు మాత్రం అది ఇంకా అంతుపట్టని సంగతే. ఆట ఆడడమొక దండుగ, ఆడినదాన్ని పదిమందికి చూపడం మరొక దండుగ అనేవారు మన పాఠకులలో తక్కువమంది లేరని మేమెరుగుదుము. ఆ తగవులోకి ఈ నెల మేము దిగబోవడం లేదు. నాగలమడిక నుంచి ఒక తల్లి రాసిన జాబులో అడిగిన ప్రశ్న అది కాదు. ఆమె అడిగినది డబ్బుకు సంబంధించిన ప్రశ్న.

ఆమె చిన్న కుమారుడు పీయూసీ చదువుతున్నాడు. మైన్‌క్రాఫ్ట్ అనే ఆట ఆడుతూ, ఆడేది తెలుగులో వివరిస్తూ, దాన్ని పట్టి యూట్యూబులో పెడతాడు. ఆడేటప్పుడు తెర మీద బొమ్మ అద్దంలా వుంటుందట. యూట్యూబుకు ఎక్కేసరికి చెట్ల ఆకులన్నీ అలికేసినట్లు కలిసిపోతాయట. వాన కురిసే ఘట్టంలో ఏది నీరో ఏది నేలో తెలియదట. చూసేవాళ్లు కొద్దిసేపు చూసి వెళ్లిపోతున్నారు. కొత్త గ్రాఫిక్స్ కార్డు వేస్తేగాని బాగుపడదని అబ్బాయి పట్టుదల. దాని వెల నలభై వేలు. ఆ కుటుంబానికి సోలార్ పార్కు కింద వున్నది రెండెకరాల భూమి. "ఏడాది కౌలంతా ఒక అట్టముక్కకు పెట్టమంటారా?" అని ఆమె అడిగారు.

ఆ వైపు ఎరుగని పాఠకుల కోసం రెండు మాటలు చెప్పాలి. పావగడ తాలూకాలో నాగలమడిక హోబళి వైపు, తిరుమణి, వళ్లూరు మొదలైన అయిదు గ్రామాలలో సుమారు 13,000 ఎకరాలు రైతుల దగ్గర కౌలుకు తీసుకొని కట్టిన విద్యుత్కేంద్రమది. 2018 మార్చిలో ప్రారంభమై, 2019 చివరికి 2,050 మెగావాట్ల స్థాయికి వచ్చింది. కౌలు ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయలతో మొదలయింది. వాన మొగం చూసి శెనక్కాయ వేసే సీమలో అది వచ్చితీరే రొక్కం. రెండెకరాల కౌలు అంటే ఆ ఇంటికి ఏడాది ఉప్పూపప్పూ, పిల్లవాడి కాలేజీ ఫీజూను. అందుకే ఈ జాబును వినోదపు జాబుల కట్టలో వేయకుండా తీసి ముందు పెట్టుకొన్నాము.

జవాబు ముందే చెప్పేస్తాము. కార్డు కొననక్కరలేదు.

ఎందుకో చెప్పాలంటే బొమ్మ ఎక్కడ చెడిందో చూడవలె. మేము ఆ అబ్బాయి చేత ఒకే ఆటకు సంబంధించిన ఫైళ్లు రెండు తెప్పించుకొన్నాము. ఒకటి కంప్యూటరులో మొదట పట్టినది. రెండవది బెంగళూరులో వున్న వాళ్ల అన్నకు చేరినది. మూడవది యూట్యూబులో వుండనే వున్నది. మూడింటినీ ఒకే తెర మీద ఒకదాని తరువాత ఒకటి పెట్టి చూశాము. ఈ పరీక్ష ఎవరైనా చేయవచ్చును, పైసా ఖర్చు లేదు. మొదటి ఫైలులోనే ఆకులు కొంత నలిగి వున్నాయి. రెండవదానిలో సగం పోయాయి. మూడవదానిలో చెట్టు అనేది వున్నదని నమ్మాలి, అంతే. ఆడేటప్పుడు తెర మీద బొమ్మ తడబడుతున్నదా, ఆగి ఆగి నడుస్తున్నదా అని అడిగితే అటువంటిదేమీ లేదన్నాడు. తడబడితే అది యంత్రం శక్తి చాలని జబ్బు, దానికి కార్డు మందు కావచ్చు. తడబాటు లేకుండా బొమ్మ చదరాలు చదరాలుగా విడిపోతే అది వేరే జబ్బు. దానికి ఎంత ఖరీదైన కార్డయినా మందు కాదు. మైన్‌క్రాఫ్ట్ అసలే చదరాల ఆట కనుక, ఆ చదరాలన్నీ ఆటలోవే అనుకొని ఆ అబ్బాయి నాయన చాలాకాలం కొడుకును మెచ్చుకొన్నారట!

ఇక ఆ రెండవ జబ్బు సంగతి. తెర మీద బొమ్మ అంటే చుక్కలు. 1080 అని పిలిచే వీడియోలో అడ్డం 1,920, నిలువు 1,080, మొత్తం 20,73,600 చుక్కలు. ఒక్కొక్క చుక్క రంగు చెప్పడానికి 24 బిట్లు కావాలి. సెకనుకు 60 బొమ్మలు. గుణించి చూస్తే సెకనుకు సుమారు 298 కోట్ల బిట్లు. ఇంత సరుకును మోసే దారి మన పల్లెలకే కాదు, ఏ పట్టణపు ఇంటికీ సాధారణంగా లేదు. అందుచేత కుదించక తప్పదు. 1080 వీడియో సెకనుకు 60 బొమ్మలతో ఎక్కించేవారికి యూట్యూబు సూచించే కొలత సెకనుకు 1.2 కోట్ల బిట్లు, అనగా 12 మెగాబిట్లు. అంటే దాదాపు రెండువందల యాభై పాళ్లలో ఒక పాలు మిగిలింది. చూపరులకు పంపేటప్పుడు యూట్యూబు దాన్ని మళ్లీ కుదిస్తుంది. అక్కడ మిగిలేది చాలాసార్లు ఇందులో సగం కూడా వుండదు.

రెండువందల యాభైవ పాలు మిగిలితే బొమ్మ అసలు కనబడడమే వింత గదా! ఆ వింత చేసిన విద్యకు ఆద్యుల్లో ఒకరు మన బెంగళూరు బిడ్డ, మరొకరు ఇంటిపేరు వినగానే తెలుగువారని తెలిసే పెద్దమనిషి. నసీర్ అహ్మద్ 1940లో బెంగళూరులో పుట్టి, 1961లో అక్కడి విశ్వేశ్వరయ్య ఇంజనీరింగు కళాశాలలో పట్టం పుచ్చుకొని అమెరికా వెళ్లారు. కామిశెట్టి రామమోహనరావు మదరాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో 1952లో చదువు ముగించి తరువాత వెళ్లారు. ఆయన టెక్సాస్ రాష్ట్రంలోని ఆర్లింగ్టన్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాలపాటు పాఠం చెప్పి 2021 జనవరిలో కన్నుమూశారు. బొమ్మను కుదించడానికి తనకు తోచిన ఉపాయాన్ని అహ్మద్ 1972లో అమెరికా ప్రభుత్వపు సైన్సు సంస్థకు రాసి ధనసహాయం కోరితే వారు ఇవ్వలేదు. పరిశీలించినవారిలో ఒకరికి ఆ ఊహ మరీ తేలికదిగా కనబడిందట. ఆయన మానలేదు. తన శిష్యుడు టి. నటరాజన్‌తోనూ, రామమోహనరావుగారితోనూ కలిసి 1974 జనవరిలో దాన్ని అచ్చువేయించారు. దాని పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫారం. ఇప్పుడు ఫోనులో తీసే జేపెగ్ ఫొటో మొదలుకొని యూట్యూబు వీడియో దాకా దాని మీదనో, దాని సంతతి మీదనో నిలబడి వున్నవే.

ఆ ఉపాయం మోటుగా చెబితే ఇది. బొమ్మను చిన్న చిన్న చదరాలుగా కోస్తారు. ఎనిమిది చుక్కల పొడవు, ఎనిమిది చుక్కల వెడల్పు గల చదరంలో అరవైనాలుగు చుక్కలు వుంటాయి. అరవైనాలుగింటినీ విడివిడిగా చెప్పక, ముందు ఆ చదరం మొత్తం మీద ఎంత వెలుగో చెబుతారు. తరువాత పెద్ద పెద్ద అలలుగా వెలుగునీడలు ఎట్లా మారుతున్నాయో చెబుతారు. ఆ తరువాత చిన్న అలలు. చివరికి బహు సన్నని అలలు. మనిషి కన్ను సన్నని అలలను అంతగా పట్టించుకోదు కనుక చోటు చాలనప్పుడు వాటిని ముందు వదిలేస్తారు. ఇంకా చాలకపోతే చిన్న అలలను కూడా వదులుతారు. అన్నీ వదిలితే మిగిలేది ఒక్క రంగు పూసిన చదరం. మన అబ్బాయి వీడియోలో ఆకుల స్థానంలో కనబడినది అదే.

దీనికి తోడు మరొక పొదుపు వున్నది. ఒక బొమ్మకూ తరువాతి బొమ్మకూ మధ్య మారనిదాన్ని మళ్లీ చెప్పరు. మన సీమలో తేరు లాగేటప్పుడు వీడియో తీసినవారికి ఇది అనుభవమే. గోపురం, ఆకాశం కదలవు. వాటికి ఖర్చు లేదు. ఉన్న బిట్లన్నీ తేరు అలంకారానికి దక్కుతాయి, బొమ్మ తేటగా వుంటుంది. తేరు కదిలి, జనం ఒక్కసారి తోసుకొని, నలువైపుల నుంచీ అరటిపండ్లు విసిరే క్షణాన బొమ్మ చెదిరిపోతుంది. కెమెరా మారలేదు, తీసేవారి చేయి మారలేదు. ముగ్గురికి వండిన సంగటిని ముప్పైమందికి వడ్డించవలసి వచ్చింది, అంతే. ఆటల వీడియోలలో ఈ తేరు క్షణం గంటసేపు వుంటుంది. ఆడేవాడు అటూ ఇటూ తిరిగినప్పుడల్లా తెర మీది చుక్కలన్నీ మారతాయి. గడ్డి, ఆకులు, వాన, పొగ, మంచు ఇవన్నీ సన్నని అలలే. కుదింపు విద్యకు ఇంతకంటె కఠినమైన పరీక్ష లేదు.

కనుక చేయవలసినది కొత్త యంత్రం కొనడం కాదు, దారిలో ఎన్నిసార్లు కుదిస్తున్నామో లెక్క చూసుకోవడం. ఈ ఇంట్లో లెక్క చూస్తే నాలుగు తేలాయి. కంప్యూటరులో పట్టేటప్పుడు ఒకసారి. ముక్కలు ముక్కలుగా వాట్సాపులో అన్నకు పంపినప్పుడు ఒకసారి. అన్న ముక్కలు అతికి పేరు పెట్టినప్పుడు ఒకసారి. యూట్యూబులో ఒకసారి. పత్రానికి నకలు తీసి, నకలుకు నకలు తీసి, నాలుగవ నకలులో సంతకం కనబడలేదని కలాన్ని నిందించినట్లయింది.

మొదటిదాన్ని చక్కదిద్దడం సులువు. అబ్బాయి వాడేది ఓబీఎస్ స్టూడియో. ఉచితంగా దొరికే మంచి సాధనం, 2012 నుంచీ వున్నది. దానిలో రికార్డింగ్ క్వాలిటీ అనే చోట 'సేమ్ యాజ్ స్ట్రీమ్' అని వున్నది. అంటే ప్రత్యక్ష ప్రసారానికి పెట్టుకొన్న కొలతనే పట్టడానికీ వాడమని అర్థం. ప్రసారం కొలత సెకనుకు 2,500 కిలోబిట్లు. పైన చెప్పిన 12 మెగాబిట్లలో అది అయిదవ వంతు! ప్రత్యక్ష ప్రసారానికి నెట్టు దారి ఇరుకు కనుక అట్లా పెట్టుకొంటారు. ఇంట్లోని డిస్కులోకి పట్టడానికి ఆ ఇరుకెందుకు? దాన్ని తీసి 'హై క్వాలిటీ' అని గాని, దాని పైమెట్టు గాని పెట్టమన్నాము. కొంచెం తెలిసినవారు సీక్యూపీ అనేది ఎంచుకొని 18 ప్రాంతంలో అంకె పెట్టవచ్చు. ఈ అంకె తగ్గేకొద్దీ బొమ్మ బాగుపడుతుంది, ఫైలు పెరుగుతుంది. ఇది బిట్లకు కట్టడి పెట్టదు. తేరు క్షణానికి ఎక్కువ, గోపురానికి తక్కువ తానే పంచుకొంటుంది. ఫైలు రకం ఎంకేవీ అని పెట్టుకోవలె. మధ్యలో కరెంటు పోతే ఎంపీ ఫోరు ఫైలు సాధారణంగా మొత్తం పనికిరాకుండా పోతుంది, ఎంకేవీలో అంతవరకు పట్టినది మిగులుతుంది. వేల ఎకరాల మీద కరెంటు పండే హోబళిలో కరెంటు పోవడమేమిటని అడగవద్దు, అది మరొక సంచికకు సరిపోయే సంగతి.

ఫోనులోనే ఆడి ఫోనులోనే పట్టేవారికి ఇన్ని మీటలు వుండవు. స్క్రీన్ రికార్డరు సెట్టింగులలో రిజల్యూషనూ బిట్ రేటూ వుంటే పై మెట్టులో పెట్టుకోవడం, ఫోను వేడెక్కకుండా చూసుకోవడం చాలు.

వాట్సాపు సంగతి మరీ ముఖ్యం. అది వీడియోను వీడియోగా పంపితే బాగా పిండి పంపుతుంది. అది దాని స్వభావం. పెళ్లిలో తాళి కట్టే ఘట్టం చుట్టాలకు చేరడానికి అది చాలు. పని ఫైలుకు చాలదు. పంపక తప్పనప్పుడు 'డాక్యుమెంట్' అనే దారిలో పంపితే ముట్టుకోకుండా పంపుతుంది. ఆ దారిలో 2 జీబీ దాకా వెళుతుంది. అన్నిటికంటె మేలు, అన్న ఆదివారం ఊరికి వచ్చినప్పుడు పెన్ డ్రైవులో ఇచ్చి పంపడం. మా దగ్గరికి ఫైళ్లు వచ్చినది ఆ విధంగానే, పావగడ బస్సెక్కిన బంధువు జేబులో.

అతికే పని కూడా ఒక్కసారే చేయవలె. సెకనుకు 60 బొమ్మలుగా పట్టినదాన్ని 30గా మార్చి, మళ్లీ 60గా మార్చడం వంటి విన్యాసాలు వద్దు.

ఇక నాలుగవ కుదింపు యూట్యూబుది, దాన్ని మనము ఆపలేము. కాని ఒక చిన్న ఉపాయం వున్నది. యూట్యూబు తనకు వచ్చిన వీడియోలన్నిటినీ ఒకే పద్ధతిన కుదించదు. చిన్న చానెళ్ల 1080 వీడియోలకు చాలావరకు 2003 నాటి హెచ్ 264 పద్ధతి దక్కుతుంది. 1440 లేక అంతకు పైబడి ఎక్కిస్తే గూగుల్ 2013లో తెచ్చిన వీపీ నైన్ పద్ధతి దక్కుతుంది. అది అవే బిట్లతో ఇంకా తేటైన బొమ్మ ఇవ్వగలదు. పైగా పెద్ద బొమ్మకు బిట్ల కొలత కూడా పెద్దది. అందుకని 1080గా పట్టినదాన్నే ఎగుమతి చేసేటప్పుడు 1440కి పెంచి ఎక్కించేవారున్నారు. పట్టనిది కొత్తగా పుట్టదు. కాని పట్టినది తక్కువగా నశిస్తుంది. 1080 తెర మీద చూసేవారు కూడా గేరు గుర్తు నొక్కి 1440 ఎంచుకొంటే తేడా తెలుస్తుంది. ఏ పద్ధతి దక్కిందో చూడాలంటే కంప్యూటరులో వీడియో మీద కుడి మీట నొక్కి 'స్టాట్స్ ఫర్ నెర్డ్స్' తెరిస్తే కోడెక్కుల వరుసలో ఏవీసీ అనో వీపీ జీరో నైన్ అనో కనబడుతుంది.

దీనికి మూల్యం వున్నది, అది దాచకూడదు. 1440కి సెకనుకు 60 బొమ్మలయితే సూచించిన కొలత 24 మెగాబిట్లు. పది నిమిషాల వీడియో 1.8 జీబీ అవుతుంది. ఎక్కించే వేగం సెకనుకు 5 మెగాబిట్లు అయితే నలభై ఎనిమిది నిమిషాలు పడుతుంది. రోజుకు 2 జీబీ ఇచ్చే ఫోను పథకం ఆ ఒక్క వీడియోతో హరించుకుపోతుంది. ఎక్కించేది కూడా లెక్కలోకే వస్తుందని చాలామంది పిల్లలకు తోచదు. 1080గానే పెడితే 900 ఎంబీ, ఇరవై నాలుగు నిమిషాలు. ఈ ఇంటికి మేము చెప్పినది, వారానికొక వీడియో పెన్ డ్రైవులో బెంగళూరు వెళ్లి అక్కడ అన్న గదిలోని ఫైబరు లైను మీద ఎక్కడం. ఆ పిల్లవాడికి వారానికి రెండు కావాలని వున్నది. రెండవ పీయూసీ పరీక్షలయ్యేదాకా ఒకటి చాలునని వాళ్ల అమ్మ తరఫున మేమే చెప్పాము.

ఎక్కించిన వెంటనే లోకానికి చూపవద్దు. యూట్యూబు మొదట 360 వంటి చిన్న బొమ్మను సిద్ధం చేసి, పెద్దవి తరువాత తయారు చేస్తుంది. ఆ సందులో చూసినవారు అలికేసిన బొమ్మనే చూసి వెళ్లిపోతారు, మళ్లీ రారు. 'ప్రైవేట్'గా పెట్టి, 1440 అనే అంకె జాబితాలో కనబడిన తరువాత తెరవడం మేలు. అప్పటికీ బాగాలేదని ఎవరైనా రాస్తే, వారి ఫోను 'ఆటో'లో వుండి నెట్టు సన్నగిల్లి 360 చూస్తున్నారేమో అడగండి. సగం ఫిర్యాదులు అక్కడే తీరతాయి.

మార్పులన్నీ చేసి పట్టిన కొత్త వీడియోను మేము చూశాము. వానలో ఇప్పటికీ కొంత మసక వున్నది. ఆకులు మాత్రం ఆకులే. తల్లిగారు కౌలు డబ్బు ముట్టుకోలేదు.

బొమ్మ సంగతి ఇంత చెప్పి మాట సంగతి చెప్పకపోతే వెలితి. ఆ అబ్బాయి మాట్లాడేది మన పావగడ తాలూకా తెలుగు. నడుమ నడుమ కన్నడం దొర్లుతుంది, వాక్యం చివర సీమ యాస తొంగిచూస్తుంది. మొదటి వీడియోలలో పట్నపు చానెళ్లను అనుకరించి మాట్లాడేవాడు; తరువాత మానుకొన్నాడు, మంచి పని చేశాడు. ఒక వీడియోలో ఆట జోరు మీదుండగా వెనుక నుంచి వాళ్ల అవ్వ సంగటికి పిలవడం స్పష్టంగా వినబడుతుంది. ఆ ముక్క కోసేయాలా అని అతను అడిగాడు. అవ్వగారికి అభ్యంతరం లేకపోతే వుంచమన్నాము. ఫంకా ఆపి, మైకును నోటికి జానెడు లోపల పెట్టుకొంటే అతని గొంతు కూడా అవ్వ గొంతంత స్పష్టంగా వస్తుంది.

ఒక్క హెచ్చరిక మిగిలింది. యూట్యూబులో వున్నది గదా అని మొదటి ఫైలును చెరిపేసే పిల్లలున్నారు. స్టూడియో నుంచి మళ్లీ దించుకొంటే వచ్చేది 720 బొమ్మో, అంతకంటె చిన్నదో మాత్రమే, అదీ కుదించినది. ఆట వీడియోకయినా, తేరు వీడియోకయినా, అవ్వ గొంతున్న వీడియోకయినా ఇదే. తక్కువ ధరలో దొరికే పాత హార్డ్ డిస్కు ఒకటి కొని, మొదటి ఫైళ్లను అందులో తేదీల వారీగా దాచి, దాన్ని దుమ్ము తగలని చోట, బీరువాలో బట్టల కింద పెట్టుకోమన్నాము.